తలుపు ఎవరికి తెరుచుకుంది?

అమెరికా అధ్యక్షుడి దినచర్యలో కథ ఉండదు. పొద్దున ఎన్నింటికి ఫలహారం చేశాడు, ఎన్నింటికి ఓవల్ ఆఫీసుకు వెళ్లాడు, ఎవరు లోపలికొచ్చారు, ఎన్ని నిమిషాలున్నారు, ఫోను తను చేశాడా, అవతలివాళ్లు చేస్తే అందుకున్నాడా, రాత్రి ఎన్నింటికి పడకగదికి చేరాడు. అంతే. ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క ఉండదు. అలాంటి కాగితాలు ముందు పెట్టుకుని, 1971వ సంవత్సరంలో రిచర్డ్ నిక్సన్ గడిపిన రోజులను, ఆ రోజుల్లో సలహాదారు హెన్రీ కిస్సింజర్ ఆయన దగ్గర కూర్చున్న గంటలను వరసగా చదివి, మన ఉపఖండం తలరాత ఆ గదిలో ఎలా నలిగిందో ఈ పుస్తకంలో రచయిత్రి రాసింది. రాతప్రతి చేతికొచ్చిన రాత్రే డిసెంబరు అధ్యాయం దాకా వెళ్లిపోయాను. ఆ ఏడాది వార్తలను దిద్దినవాణ్ని గనక, తెలిసిన కథే కదా అనుకుని మొదలుపెట్టాను. తెలిసినది పైపొర మాత్రమేనని ముప్ఫై పేజీలు తిరిగేలోపే తేలిపోయింది.

నిక్సన్ కాలపు దినచర్య పత్రం ఎలా ఉండేదో మొదటి అధ్యాయంలోనే బొమ్మతో సహా చూపించింది. పైన అధ్యక్షుడి పేరు. దాని కింద, రోజు ఏ ఊళ్లో మొదలైందో, తేదీ, వారం. ఎడమపక్క సన్నటి గళ్లలో వచ్చిన వేళ, వెళ్లిన వేళ. వాటి పక్కన ఫోనుకో గడి. అధ్యక్షుడు చేస్తే ‘పి’, వచ్చిన ఫోను అందుకుంటే ‘ఆర్’. మిగిలిన వెడల్పంతా జరిగిన పనికి. ఆ పని కూడా ఒక్క పొడి వాక్యం: ఫలానా వారితో సమావేశమయ్యారు, ఫలానా వారితో మాట్లాడారు. మంది ఎక్కువైతే పేర్ల కోసం అనుబంధం చూడమంటుంది. వీటిని తయారుచేసినవాళ్లు ఆ గదిలో కూర్చున్నవాళ్లు కారు. రక్షణ సిబ్బంది రాసుకున్న రాకపోకల పట్టీలు, టెలిఫోన్ ఆపరేటర్ల చీటీలు, నివాసభాగం చూసుకునే అషర్ల పుస్తకం, అపాయింట్‌మెంట్ల జాబితా, అన్నీ ఒకచోట కూర్చి తర్వాత టైపు చేసేవారు. అడంగల్లో పంట పేరుంటుంది, విస్తీర్ణం ఉంటుంది, రైతు గోడు ఉండదు. ఇదీ అలాంటిదే. అయితే అడంగలు చదవడం వచ్చినవాడికి ఊరి చరిత్ర దొరికినట్టే, ఈ పత్రాన్ని చదవడం వచ్చినవాళ్లకు ఒక ప్రభుత్వం లోగుట్టు దొరుకుతుంది. ఎవరికి గంట దొరికింది, ఎవరికి పది నిమిషాలు దొరికాయి, ఎవరి పేరు వారాల తరబడి కనిపించలేదు అన్నదే అక్కడ అసలు వార్త.

కాలిఫోర్నియాలో యోర్బా లిండా అనే చిన్న ఊరు నిక్సన్ పుట్టిన ఊరు. ఆయన కాగితాలున్న గ్రంథాలయం ఇప్పుడు అక్కడే, జాతీయ పురాభిలేఖాగారం అజమాయిషీలో నడుస్తోంది. ఈ రచయిత్రి విశాఖపట్నం పిల్ల, ఉద్యోగరీత్యా అమెరికాలో స్థిరపడింది. చరిత్ర ఆమె చదువు కాదు. సెలవులు వాడుకుని, సొంత డబ్బు ఖర్చుపెట్టి ఈ పని చేసింది. విశ్వవిద్యాలయాల శాఖలు చేయవలసిన పనిని ఒక ఉద్యోగిని తన ఖాళీ వేళల్లో చేసిందంటే, నాకు సంతోషంతో పాటు కొంచెం బాధ కూడా కలిగింది.

దినచర్య ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ పుస్తకం పట్టికల దగ్గరే ఆగిపోయేది. ఆమె చేసిన మంచి పని ఏమిటంటే, అదే నిమిషానికి సంబంధించిన మరో రెండు సాక్ష్యాలను పక్కన పెట్టడం. 1971 ఫిబ్రవరిలో నిక్సన్ తన ఆఫీసులో ఎవరికీ తెలియకుండా టేపురికార్డర్లు పెట్టించాడు. గొంతు వినబడితే చాలు, వాటంతటవే తిరిగేవి. 1973 జూలై దాకా నడిచిన ఆ ఏర్పాటులో సుమారు 3,700 గంటల మాటలు పోగుపడ్డాయి. 1973 జూలై 16న సెనేట్ కమిటీ ముందు శ్వేతసౌధం మాజీ ఉద్యోగి అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ చెప్పేదాకా లోకానికి ఆ సంగతి తెలియదు. కిస్సింజర్‌కు కూడా చివర్లోగానీ తెలియలేదు. ఇటు కిస్సింజర్ చేసిన ఏర్పాటు వేరు. తన ఫోను సంభాషణలను కార్యదర్శులచేత పక్క ఫోన్లో వినిపించి, రాయించి, టైపు చేయించి దాచుకున్నాడు. నిక్సన్ కాలపు ఆ కాగితాలు 2004లో పరిశోధకుల చేతికొచ్చాయి. అధ్యక్షుడు తన దౌత్యవేత్త మాటను అతనికి చెప్పకుండా టేపు మీదికెక్కించాడు. దౌత్యవేత్త తన ఫోన్ల మాటలన్నీ కాగితం మీద పెట్టించాడు. ఇవాళ ఒక సాయంత్రపు ఫోను గురించి తెలుసుకోవాలంటే, దినచర్యలో వేళ చూసి, ఆ వేళకున్న టేపు విని, ఆ టేపు గరగరలో పోయిన మాటను కిస్సింజర్ కాగితంలో వెతుక్కోవచ్చు. రచయిత్రి అలాగే చేసింది. ఒకటి రెండు చోట్ల మూడూ పొసగని సందర్భాలు వస్తే, ఏది నమ్మిందో, ఎందుకు నమ్మిందో దాచకుండా చెప్పింది. చరిత్ర రాసేవాళ్లలో నేను మొట్టమొదట వెతికే గుణం అది.

నిక్సన్ స్వభావం తెలియకపోతే ఈ దినచర్య అర్థం కాదు. మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాదించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. శ్వేతసౌధం పక్కనున్న పాత కార్యాలయ భవనంలో మరో గది పెట్టుకుని, పసుపురంగు కాగితాల పుస్తకంలో రాసుకుంటూ గంటలు గంటలు ఒంటరిగా కూర్చునేవాడు. మధ్యాహ్నం తిండి కూడా చాలా రోజులు ఒంటరిగానే, కాటేజ్ చీజూ అనాస ముక్కలూ. లోపలికి ఎవరు రావాలో, ఎవరు రాకూడదో శ్వేతసౌధం సిబ్బంది పెద్ద హాల్డెమన్ చూసేవాడు. తలుపులు ఇలా మూసుకున్న చోట, వేళాపాళా లేకుండా లోపలికి రాగల ఒకరిద్దరి బలం కొండంతవుతుంది. కిస్సింజర్ ఆ ఒకరిద్దరిలో ఒకడు. జర్మనీలోని ఫ్యూర్త్‌లో 1923లో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల బాధ పడలేక 1938లో కుటుంబంతో వలసవచ్చి, హార్వర్డులో పాఠాలు చెప్పి, 1969 జనవరిలో జాతీయ భద్రతా సలహాదారుగా చేరినవాడు. ఆ కుర్చీకి సెనేట్ ఆమోదం అక్కర్లేదు. విదేశాంగ మంత్రి అప్పుడు విలియం రోజర్స్. నిక్సన్‌కు పాత స్నేహితుడు, పెద్ద లాయరు. పద్ధతి లెక్కన దౌత్యమంతా ఆయన శాఖది. దినచర్య లెక్కన చూస్తే ఆ శాఖకు దక్కింది చివరి వరస. ఈ తేడాను రచయిత్రి ఎక్కడా ఉపన్యాసంలా చెప్పదు, పేజీల వెంట పేర్లు చూపిస్తూ పోతుంది. పాఠకుడికి తనంతట తనకే ఊపిరాడనట్టు అవుతుంది.

1971 జూలై కథ లోకమెరిగినదే. కిస్సింజర్ ముందు ఢిల్లీ వచ్చాడు, మన పెద్దలతో మాట్లాడాడు, అక్కణ్నుంచి ఇస్లామాబాద్ వెళ్లాడు. అక్కడ కడుపునొప్పి అన్నాడు. కొండమీది నథియాగలిలో విశ్రాంతి తీసుకుంటున్నాడని పత్రికలవాళ్లకు చెప్పి, ఉత్తుత్తి కార్ల వరసను ఆ దారిన పంపించారు. ఆయన మాత్రం జూలై 9 తెల్లవారకముందే పాకిస్తాన్ విమానంలో పీకింగ్‌కు ఎగిరాడు. మారుచొక్కాలు మర్చిపోయి, తనకంటే చాలా పొడుగైన సహచరుడి చొక్కాలు తొడుక్కుని చైనా ప్రధాని చౌ ఎన్ లై ముందు కూర్చున్నాడు. ఆ చొక్కాలు తైవాన్‌లో తయారైనవి. చైనాతో తైవాన్ గురించి మాట్లాడటానికి వెళ్లినవాడి ఒంటిమీద తైవాన్ చొక్కా! 11వ తేదీన వెనక్కి వచ్చాడు. 13న కాలిఫోర్నియాలోని శాన్ క్లెమెంటెలో నిక్సన్‌ను కలిశాడు. 15వ తేదీ రాత్రి టెలివిజన్లో నిక్సన్ కొద్ది నిమిషాలు మాట్లాడి, తాను చైనా వెళ్తున్నానని ప్రకటించాడు. ఈ భాగాన్ని రచయిత్రి చకచకా నడిపించింది, అది మంచిదే. ఆ సాహసకథ చెప్పినవాళ్లు వందమంది ఉన్నారు. ఆమె చూపు వేరేచోట ఉంది. ఆ విమానానికి దారి ఇచ్చిన పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ అదే నెలల్లో తూర్పు బెంగాల్లో ఏం చేస్తున్నాడన్నది ఆమె ప్రశ్న.

1970 డిసెంబరు ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రహమాన్ పార్టీకి పాకిస్తాన్ జాతీయసభలో పూర్తి మెజారిటీ వచ్చింది. అధికారం ఇవ్వకుండా జాప్యం చేసి, 1971 మార్చి 25 రాత్రి ఢాకా మీద సైన్యాన్ని వదిలారు. ఢాకాలో అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ తన కళ్ల ముందు జరుగుతున్నదాన్ని తంతి వెనక తంతిగా వాషింగ్టన్‌కు పంపాడు. ఏప్రిల్ 6న ఆయన కార్యాలయం నుంచి వెళ్లిన అసమ్మతి తంతి మీద ఇరవైమంది అమెరికన్ ఉద్యోగులు సంతకాలు చేశారు. తమ ప్రభుత్వం నోరు మూసుకుని కూర్చోవడం తప్పని తమ ప్రభుత్వానికే రాసిన ఉద్యోగులు వాళ్లు. ఆ తంతి ఫలితం ఏమిటంటే, బ్లడ్‌ను ఢాకా నుంచి తీసేశారు. ఢాకాలో శవాలను చూసిన మనిషి మాట అధ్యక్షుడి గదిలోకి రావడానికి దారి లేకపోయింది. ఏప్రిల్ 28న కిస్సింజర్ పంపిన పత్రం మీద నిక్సన్ స్వహస్తంతో ఒక మాట రాశాడు: యాహ్యా మీద ఇప్పుడు ఒత్తిడి పెట్టొద్దని, ఇది అందరికీ వర్తిస్తుందని. ‘వద్దు’ అన్నచోట కింద మూడు గీతలు గీశాడు. ఆ కాగితం నకలు ఈ పుస్తకంలో ఉంది. ఆ మూడు గీతలను చూస్తూ నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. అప్పటికి శరణార్థులు మన సరిహద్దు దాటి వస్తున్నారు. ఏడాది చివరికి ఆ సంఖ్య కోటికి చేరింది.

జూన్ 15 సాయంత్రం మరొకరికి తలుపు తెరుచుకుంది. ఢిల్లీలో అమెరికా రాయబారి కెన్నెత్ కీటింగ్. మాజీ సెనేటర్, నిక్సన్ పార్టీవాడే. కిస్సింజర్ పక్కనుండగానే ఆయన అధ్యక్షుడి ముఖం మీద చెప్పాడు, తూర్పు బెంగాల్లో హిందువులను ఏరి ఏరి చంపుతున్నారని. దినచర్యలో అది మామూలు సమావేశాల్లో ఒకటి. టేపు వింటే మాత్రం నిజం చెప్పడానికి వచ్చినవాడికి అక్కడ ఎంత చోటుందో తెలుస్తుంది. ఈ పుస్తకంలో నన్ను ఎక్కువ కలిచివేసిన ఘట్టం ఇది. తంతిని పక్కన పడేశారంటే, చదవలేదేమో అనుకోవచ్చు. కీటింగ్ ఎదురుగా కూర్చుని చెప్పాక ఆ సాకు కూడా మిగల్లేదు.

నవంబరు 4, 5 తేదీల్లో ఇందిరా గాంధీ వాషింగ్టన్‌లో ఉన్నారు. మొదటిరోజు ఓవల్ ఆఫీసులో నలుగురు కూర్చున్నారు: నిక్సన్, కిస్సింజర్, ఇందిర, ఆమె కార్యదర్శి పి.ఎన్. హక్సర్. ఎవరి మాట ఎవరికీ ఎక్కలేదు. మర్నాడు పొద్దున, ఆమె రెండోసారి రావడానికి ముందు, నిక్సన్, కిస్సింజర్ ఆమెనూ భారతీయులనూ నోటికొచ్చినట్టు తిట్టుకున్న మాటలు టేపులో ఉన్నాయి. 2005 జూన్‌లో ఆ పత్రాలు బయటపడ్డప్పుడు మన దేశంలో పెద్ద దుమారం లేచింది. కిస్సింజర్ మన టెలివిజన్ చానల్లో విచారం వెలిబుచ్చాడు. ఆ తిట్లను రచయిత్రి ఒక్కటి కూడా తెలుగులోకి దించలేదు. అవి ఉన్నాయని చెప్పి, అంతకంటే పెద్ద సంగతిలోకి వెళ్లింది. ఈ నిగ్రహం నాకు నచ్చింది. ఆ తిట్లే పట్టుకుని వ్యాసాలు రాసినవాళ్లు, తిట్లతో పాటు అక్కడ తీసుకున్న నిర్ణయాలను వదిలేశారు.

ఇక డిసెంబరు. పుస్తకానికి గుండెకాయ ఈ అధ్యాయం. ప్రతి పేజీకి ఎడమపక్క వాషింగ్టన్ వేళ, కుడిపక్క మన వేళ వేసింది. తేడా పదిన్నర గంటలు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ విమానాశ్రయాల మీద బాంబులు వేసినప్పుడు వాషింగ్టన్‌లో పొద్దున ఏడు దాటింది. అక్కడ పదకొండు దాటాక కిస్సింజర్ ఉన్నతాధికారులను కూర్చోబెట్టి, ఇండియా పట్ల మనం తగినంత కఠినంగా లేమని అధ్యక్షుడు అరగంటకోసారి తనను నిలదీస్తున్నాడని చెప్పాడు. మనకప్పుడు రాత్రి పది కావస్తోంది. మరో రెండు గంటల తర్వాత, అర్ధరాత్రి దాటిన వేళ, విశాఖపట్నం రేవు ముందు సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన ఘాజీ, అందులోని నావికులందరితో సహా అడుగుకు చేరింది. మన నౌక రాజ్‌పుత్ వేసిన బాంబులవల్లా, తను పెడుతున్న మందుపాతరవల్లా అన్నది నేటికీ వాదనలో ఉంది. ఆ ఘాజీ పూర్వనామం డయాబ్లో. అమెరికా నౌకాదళం కోసం కట్టిన ఓడ, అమెరికాయే పాకిస్తాన్‌కు ఇచ్చిన ఓడ. వాషింగ్టన్ గదిలో కూర్చుని తీసుకున్న పాత నిర్ణయమొకటి మన తీరానికి ఎంత దగ్గరగా వచ్చిందో చెప్పడానికి రచయిత్రి ఈ ఒక్క ఓడ చాలనుకుంది. ఆర్కే బీచిలో సాయంత్రం షికారుకెళ్లే ప్రతి విశాఖవాసీ ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపాన్ని చూసే ఉంటాడు. ఆ స్తూపానికీ ఓవల్ ఆఫీసుకూ నడుమ ఉన్న దారాన్ని చూపించింది ఈ విశాఖ అమ్మాయి.

డిసెంబరు 10న నిక్సన్, కిస్సింజర్ ఒక నౌకాదళాన్ని కూర్చి బంగాళాఖాతం వైపు పంపాలని నిశ్చయించారు. దాని ముందు నిలిచింది అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్. అదే రోజు సాయంత్రం కిస్సింజర్ న్యూయార్కులో చైనా ప్రతినిధి హువాంగ్ హువాను రహస్యంగా కలిశాడు. చైనా సైన్యాన్ని కదిలిస్తే అమెరికాకు అభ్యంతరం లేదన్న సూచన అందించాడు. రెండు రోజుల తర్వాత, 12వ తేదీ ఆదివారం పొద్దున, ఓవల్ ఆఫీసులో ముగ్గురే ఉన్నారు: నిక్సన్, కిస్సింజర్, ఆయన సహాయకుడు అలెగ్జాండర్ హేగ్. చైనా నుంచి కబురొచ్చిందని, బహుశా యుద్ధంలోకి దిగుతారని అనుకున్నారు. దిగితే రష్యా ఊరుకోదు. అప్పుడు అమెరికా ఏం చేయాలి? మాట అణుయుద్ధం అంచుదాకా వెళ్లింది. ఆ రోజే మాస్కోకు హాట్‌లైన్ మీద సందేశం పంపారు. తీరా చూస్తే చైనా కబురు యుద్ధం గురించి కాదు, ఐక్యరాజ్యసమితిలో కాల్పుల విరమణ గురించి. ప్రపంచం నెత్తిన కత్తి వేలాడిన ఆ గంటలో అక్కడ విదేశాంగ మంత్రి లేడు, రక్షణ మంత్రి లేడు, దక్షిణాసియా గురించి తెలిసిన ఒక్క అధికారి లేడు. దినచర్య పత్రం ఇది మాత్రమే చెబుతుంది: ముగ్గురు, ఒక గది, సుమారు ఒక గంట. ఇంతకంటే భయంకరమైన పేజీ నేను చదవలేదు.

ఎంటర్‌ప్రైజ్ 15వ తేదీకి బంగాళాఖాతంలో ప్రవేశించింది. 16వ తేదీ సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసినప్పుడు వాషింగ్టన్‌లో పొద్దున ఆరు గంటల వేళ. ఆ రోజుల్లో నేను ఒక తెలుగు దినపత్రికలో సబ్‌ఎడిటర్ని. టెలిప్రింటర్ మీద వచ్చిన ఏజెన్సీ వార్తను తెలుగు చేసి, ‘సప్తమ నౌకాదళం’ అని పెద్దక్షరాల్లో వేశాం. ఊళ్లలో జనం రేడియోల చుట్టూ మూగి విన్నారు. శ్వేతసౌధం ప్రతినిధి ఏం చెబితే అది మా చేతికొచ్చేది. ఆ ప్రతినిధి వెనక గదిలో ఏం జరిగిందో యాభై ఏళ్ల తర్వాత ఇప్పుడు తెలుగులో చదువుతున్నాను. ఆనాడు నాతో ఆ డెస్కులో పనిచేసినవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లంతా ఈ అధ్యాయం చదవగలిగితే ఎంత బాగుండేదో.

మనవాళ్లకు దినచర్య రాసే అలవాటు లేదని ఒక అపవాదు ఉంది. అది నిజం కాదు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా రాసిన దినచర్య లేకపోతే ఆ కాలపు దక్షిణాది చరిత్ర సగం చీకట్లో ఉండేది. గవర్నరు ఎవరిని ఎప్పుడు పిలిచాడు, ఎవరిమీద కసిరాడు, ఎవరి కానుక తీసుకున్నాడు, అన్నీ ఉన్నాయి అందులో. ఆ పిళ్లై పేరుమీదే మన కస్తూరి రంగకవి ఛందోగ్రంథం రాశాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి దారి పొడుగునా రోజువారీగా రాసుకున్నది తెలుగు వచనానికే కానుక. కాబట్టి ఈ పుస్తకం తెలుగులోకి ఊడిపడ్డ కొత్త వింత కాదు. ఏలికల గడప దగ్గర నిలబడి లోపల జరిగేదాన్ని గమనించే పాత విద్యకు కొత్త కొమ్మ.

రచయిత్రి తెలుగు గురించి కూడా ఒక మాట చెప్పాలి. విదేశాంగ విషయాలు తెలుగులో రాసేవాళ్లు చాలామంది ఇంగ్లీషు వాక్యాన్ని బోర్లా పడుకోబెట్టి రాస్తారు. ఈమె అలా రాయలేదు. విశాఖ ఇళ్లలో మాట్లాడే తెలుగులో అమెరికా రాజకీయం చెప్పింది. టేపుల్లోని మాటలను అనువదించిన చోట, అవతలివాడి మొరటుతనం పోకుండా, మన పాఠకుడు ఇబ్బంది పడకుండా నడిపింది. వాక్యం పొట్టిది. పేరు మొదటిసారి వచ్చినప్పుడు మనిషెవరో ఒక్క ముక్కలో చెబుతుంది. ఇన్ని పేర్లున్న పుస్తకంలో పాఠకుడు ఎక్కడా తప్పిపోడు.

రెండు విషయాల్లో నేను ఆమెతో ఏకీభవించలేను. పెద్దవాణ్ని గనక ఇక్కడే చెప్పేస్తున్నాను. మొదటిది: పుస్తకంలో దోషమంతా మెల్లమెల్లగా కిస్సింజర్ మీదికి జారిపోతుంది. ఆయన తెలివి, ఆయన దాపరికం, ఆయన మాటకారితనం పేజీల్ని ఆక్రమించుకుంటాయి. కానీ ఆ మూడు గీతలు గీసిన చెయ్యి నిక్సన్‌ది. ఎవరికి తలుపు తెరవాలో నిర్ణయించింది నిక్సన్. యాహ్యా మీద మక్కువ, భారతీయుల మీద ఏవగింపు ఆయనకు కిస్సింజర్ నేర్పినవి కావు, కిస్సింజర్ రాకముందునుంచే ఉన్నవి. దౌత్యవేత్త ఎంత ఘనుడైనా అధ్యక్షుడు వినదలుచుకున్నదే వినిపించగలడు. ఆ ఏడాది పాపంలో పెద్దవాటా కుర్చీలో కూర్చున్నవాడిదే అని నా నమ్మకం. రెండోది: వాషింగ్టన్ గడియారం పక్కన మన గడియారం పెట్టింది బాగుంది, మన కాగితాలు కూడా పెట్టాలి. హక్సర్ పత్రాలు ఢిల్లీలో తీన్‌మూర్తి గ్రంథాలయంలో ఉన్నాయి. అవతలి గదిలో ఏమనుకున్నారో తెలిశాక, ఇవతలి గదిలో ఏమనుకున్నారో తెలుసుకోవడం న్యాయం. మలిముద్రణకు ఆమె ఆ పని చేస్తానని మాటిచ్చింది.

1973 సెప్టెంబరులో రోజర్స్ వెళ్లిపోయి కిస్సింజరే విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆ ఏడాదే వియత్నాం ఒప్పందానికి ఉత్తర వియత్నాం ప్రతినిధి లె డక్ థోతో కలిపి నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. థో తీసుకోలేదు, ఈయన తీసుకున్నాడు. వాటర్‌గేట్ నిక్సన్‌ను ముంచుతున్నకొద్దీ కిస్సింజర్ పైకి తేలాడు. 1974 ఆగస్టు 7 రాత్రి నిక్సన్ ఆయన్ను లింకన్ గదికి పిలిపించుకున్నాడు. ఇద్దరూ మోకాళ్లమీద కూర్చుని ప్రార్థన చేశారు. 9వ తేదీన నిక్సన్ రాజీనామా పత్రం ఒకే ఒక్క వాక్యంతో వెళ్లింది. అమెరికా చట్టం ప్రకారం అధ్యక్షుడి రాజీనామా విదేశాంగ మంత్రికి అందాలి. అందుకని ఆ ఉత్తరం కిస్సింజర్ పేరిట ఉంది. అందిన వేళ 11.35 అని వేసి, పొడి అక్షరాల సంతకం చేసింది కిస్సింజరే. దినచర్యలో ఎన్నో గంటలు కలిసి కనిపించిన ఆ ఇద్దరి అధికారబంధం ఆ సంతకంతో తెగింది. 2023 నవంబరులో నూరేళ్లు నిండిన కిస్సింజర్ కన్నుమూసినప్పుడు మన పత్రికల్లో వచ్చిన వ్యాసాల్లో ఢాకా ప్రస్తావన ఎక్కడో చివర్న ఉంది. ఈ పుస్తకం దాన్ని ముందుకు తెచ్చింది.

నిక్సన్ పతనం తర్వాత అమెరికా తన చట్టాలు మార్చుకుంది. ఆయన టేపులను, కాగితాలను ఆయన నాశనం చేయకుండా 1974లోనే చట్టం వచ్చింది. 1978 చట్టంతో, ఆ తర్వాతి అధ్యక్షుల కాగితాలు ప్రజల ఆస్తి అయ్యాయి. అందువల్లే విశాఖనుంచి వెళ్లిన ఒక ఉద్యోగిని యోర్బా లిండాలో బల్ల ముందు కూర్చుని వాళ్ల అధ్యక్షుడి నిమిషాలు చదవగలిగింది. మనకూ 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం వచ్చింది. పాతికేళ్లు దాటిన ప్రభుత్వ పత్రాలను పురాభిలేఖాగారానికి పంపాలని నియమాలున్నాయి. మన ముఖ్యమంత్రుల దినచర్యలు ఎక్కడున్నాయి, ఎవరు దాచారు, వాళ్ల గదిలోకి ఎవరు వెళ్లేవారు, ఎవరికి దారి దొరకలేదు అని అడిగే కుర్రవాళ్లు కావాలి. హైదరాబాదు తార్నాకలోని పురాభిలేఖాగారం తలుపు తట్టండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కాగితం లేదంటే లేదని రాతపూర్వకంగా తీసుకోండి, అదీ చరిత్రే.

ఈ అమ్మాయికి నా ఆశీస్సులు. పాఠకులు కొని చదవాలి. ఓపిక తక్కువైనవాళ్లు డిసెంబరు అధ్యాయం ముందు చదివినా ఫరవాలేదు, తర్వాత తప్పకుండా మొదటికొస్తారు. చరిత్ర, పాత్రికేయం చదివే మన విద్యార్థుల పాఠ్యగ్రంథాల్లో దీన్ని చేర్చమని విశ్వవిద్యాలయాల పెద్దలను పేరుపేరునా కోరుతున్నాను.